సింహాల పిల్లగాడు

గద్వాలలో భవ్యశ్రీ వాళ్ల చీరల దుకాణానికి దానియేలు వచ్చింది కొట్లాడటానికే. చేతిలో ప్లాస్టిక్ కవరు, కవరులో చీర, జుట్టు మీద వాన చినుకులు, ముఖాన మోసపోయిన మనిషికి ఉండాల్సిన గాంభీర్యం. బస్సులో కూర్చుని నాలుగు ఘాటైన మాటలు కూడా తయారు చేసుకున్నాడు.

గడప దగ్గర తలెత్తి బోర్డు చూసేసరికి ఆ ఘాటు సగం దిగిపోయింది. 'దానేలప్ప చీరల దుకాణం' అని ఉంది అక్కడ.

అది తన పేరే. గద్వాల దాటితే కన్నడం మొదలవుతుంది గనక చివర అప్ప ఒకటి అంటుకుంది, అంతే తేడా. పాన్‌గల్‌లో వాళ్ల చర్చికి వచ్చే ఇళ్లలో తప్ప ఆ పేరు అతను ఎక్కడా వినలేదు. మనవాళ్లే కదా, మెల్లగా మాట్లాడదాం అనుకున్నాడు.

"వందనాలు," అన్నాడు లోపలికి వచ్చి, చర్చిలో పెద్దలకు పెట్టినట్టు చేతులు జోడించి.

కౌంటర్ వెనక అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తింది. ఆమె వెనక గోడ మీద వెంకటేశ్వరస్వామి, మార్కండేయ మహర్షి, లక్ష్మీదేవి బంతిపూల దండలతో వరసగా ఉన్నారు. దానియేలు జోడించిన చేతులను ఏం చేయాలో తెలియక అట్లాగే ఉంచేశాడు.

"నమస్తే. చెప్పున్రి," అంది అమ్మాయి.

"ఈ చీర మీ పేజీల చూసి తెప్పించిన. పేరు సూసన్నా."

"అవును. ఆ పేరు నేనే పెట్టిన."

"సూసన్నా అంటే లిల్లీ పువ్వు. హెబ్రీ మాట. దీనిమీద ఒక్క లిల్లీ లేదు. మొత్తం మామిడి పిందెలే."

భవ్యశ్రీ అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. చీర చిరిగిందని వచ్చినవాళ్లను చూసింది, రంగు పోయిందని వచ్చినవాళ్లను చూసింది. పేరుకు తగినట్టు లేదని వచ్చినవాడు ఇతనొక్కడే.

"మా వీధిల పుల్లయ్య అని ఉన్నడు. ఆయన కూసుంటే మంచం ఇరుగుతది. పుల్ల లెక్క సన్నగ లేవని ఆయన మీద కేసు పెడ్తమా?"

"మనిషి వేరు. మనిషిని ఫొటో చూసి ఆర్డర్ పెట్టం."

"ఫొటోల పిందెలే ఉండె కద."

"మా అమ్మ ఫొటో చూడలే, పేరు చూసింది. వాళ్లమ్మ పేరు సూసన్నా. పేరు చూసి ఏడ్సింది. చీర వచ్చినంక మళ్ల ఏడ్సింది. రెండోది వేరే ఏడుపు."

భవ్యశ్రీకి నవ్వు వచ్చింది. అతని తల్లి ఏడుపు దగ్గర నవ్వితే బాగుండదని కవరులోని చీరలో ముఖం దాచుకుని మడత చూస్తున్నట్టు నటించింది.

నిజానికి తప్పు ఆమెదే. ఆ దుకాణంలో చీరలకు మొదటినుంచీ నంబర్లే ఉండేవి. డిగ్రీ అయ్యాక ఆన్‌లైన్ పేజీ తన చేతికి వచ్చినప్పుడు, నంబరు మీద ఎవరికి మాత్రం మనసవుతుందని ఒక్కో చీరకు ఒక్కో ఆడపేరు పెట్టింది. మీనాక్షి, ఫర్జానా, నయోమి, తార. ఏ దేశం పేరైనా, ఏ మతం పేరైనా, చెవికి ఇంపుగా ఉంటే చాలు. అర్థాల జోలికి పోలేదు. పేర్లు పెట్టాక చీరలు బాగానే పోతున్నాయి గనక ఎవరూ అడగనూ లేదు.

"లిల్లీలున్న చీర ఉంది. మార్చి ఇస్త," అంది. "దాని పేరు అనసూయ."

"అనసూయ అంటే?"

"అసూయ లేనిది."

"మరి లిల్లీలెందుకు?"

"చూస్తే మీకు అసూయ అయితుందా?"

"లేదు."

"ఇగ సరిపోయింది కద," అని బిల్లు పుస్తకం తీసింది. "మీ పేరు చెప్పున్రి."

"దానియేలు."

మూలన గిర్రున తిరుగుతున్న చరఖా ఠక్కున ఆగింది. అక్కడ కూర్చుని నూలు కండెలు చుడుతున్న ముసలమ్మ కొంగు తీసి తల నిండా కప్పుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

దానియేలు గాబరా పడ్డాడు. "నేనేమన్న తప్పు మాట అన్ననా?"

"మీ పేరన్నరు. అది మా తాత పేరు. మా అవ్వ ఆ పేరు పలకది, ఇంటే గట్ల కొంగు కప్పుకుంటది. తాత పోయి ఏండ్లయినా గంతే."

"బయట బోర్డు మీద గంత పెద్దగ రాసిన్రు కద."

"అవ్వకు చదువు రాదు. అందుకే ధైర్యంగ రాసినం."

మార్కండేయ మహర్షిని కొలిచే నేత ఇంట్లో ఒక దానియేలు ఎట్లా పుట్టాడో కూడా ఆమె చెప్పింది. తాత తల్లికి పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఎవరో చెప్పగా ఎక్కడో దూరాన ఉన్న మిషన్ దవాఖానకు పోయి కన్నదట. బిడ్డ బతికాడు. కాన్పు చేసిన డాక్టరు పేరే బిడ్డకు పెట్టుకుంది. ఆ పేరు గల మనిషిని సింహాల గుంతలో వేసినా ఒక్క గీత పడకుండా బయటికి వచ్చాడని ఆ డాక్టరే కథ చెప్పాడట. ఆ కథ అవ్వ ఎంకమ్మకు బాగా పనికొచ్చింది. పింఛను కోసమో రేషను కోసమో ఎవరైనా మీ ఆయన పేరేమిటని అడిగితే, ఎంకమ్మ తలవంచుకుని "సింహాల గుంతలకెళ్లి బతికొచ్చినాయన" అని చెప్పేది. అడిగినవాళ్లు తలలు గోక్కునేవాళ్లు.

మూలనుంచి, గోడవైపే చూస్తూ, ఎంకమ్మ అంది. "ఆ సింహాల పిల్లగానికి చాయ్ పొయ్యే, వానల వచ్చిండు."

"నేను మన్ననూర్‌ల ఫారెస్టు బీట్ ఆఫీసర్నవ్వా," అన్నాడు దానియేలు మర్యాదగా. "సింహాలల్ల గాదు, పులులల్ల పనిచేస్త."

"ఏదైతేంది, కరిచేదే కద," అంది ఎంకమ్మ. చరఖా మళ్లీ తిరిగింది.

*

మన్ననూరు అడవిలో ఫోన్ పలికే చోటు ఒక్కటే, వాచ్‌టవర్ పైమెట్టు. అక్కడికి ఎక్కితే గాలి, దోమలు, రెండు గీతల సిగ్నల్. మామూలుగా డ్యూటీ ఉన్నప్పుడే ఎక్కే దానియేలు ఆ వానాకాలం డ్యూటీ లేనప్పుడు కూడా ఎక్కడం మొదలుపెట్టాడు. తోటి సిబ్బంది అతని కర్తవ్యదీక్షకు ముచ్చటపడ్డారు.

మొదటి ఫోను అమ్మకు చీర నచ్చిందని చెప్పడానికి. రెండోది నయోమి అంటే మధురమైనదని అర్థమనీ, ఆ పేరు పెట్టిన చీర మిరపకాయ రంగులో ఉండటం న్యాయం కాదనీ చెప్పడానికి. మూడోది ఎందుకు చేశాడో అతనికే తెలియదు.

"మీరు ఫారెస్టు డిపార్ట్‌మెంటా, పేర్ల డిపార్ట్‌మెంటా?" అంది భవ్యశ్రీ.

"మా పాస్టరుగారు పేర్ల అర్థాలు చెప్తడు ఆదివారం. చిన్నప్పుడు పరీక్ష పెట్టేటోడు. తప్పు చెప్తే తొడపాశం."

"సరే, చెప్పున్రి. ఎస్తేరు అంటే?"

"నక్షత్రం అంటరు. పార్శీ మాటంట."

అటువైపు కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు. "సితార అన్నా నక్షత్రమే కద, ఉర్దూల. తార అన్నా గదే."

"మరి?"

"మరేం లేదు. ఒక్క నేతల మూడు రంగులొచ్చినయి, ఏం పేర్లు పెట్టాల్నో తెల్వక పరేషాన్ అయితున్న."

మూడు చీరలూ అక్కచెల్లెళ్లలాగా పేజీలోకి ఎక్కాయి. తార రాయచూరు పెళ్లికి పోయింది. సితార హైదరాబాదులో నిఖాకు పోయింది. ఎస్తేరును నాగర్‌కర్నూలులో ఒక టీచరమ్మ క్రిస్మస్ కోసమని ముందే కొనిపెట్టుకుంది. ఒకే నక్షత్రం మూడిళ్లలో వెలిగినందుకు భవ్యశ్రీ వారమంతా ఉత్సాహంగా ఉంది. ఆ ఉత్సాహం చీరలు అమ్ముడైనందుకే అని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

"మీ పులులకు ఏం పేర్లు పెడ్తరు?" అని అడిగింది ఒకరోజు.

"పెట్టం. నంబర్లే. ఆడదైతే ఎఫ్, మగదైతే ఎం, పక్కన అంకె."

"పాపం. ఎందుకట్ల?"

"మా రేంజర్ సారు అంటడు, పేరు పెడితే మనదనిపిస్తది అని. మనదనిపించింది ఒక పూట కనపడకపోతే అన్నం దిగదు. నంబరైతే రిపోర్టు రాసి పండుకోవచ్చు."

భవ్యశ్రీకి ఆ మాట నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో రెండు రోజులు ఆలోచించింది.

*

ఆ నెలాఖరులో వనపర్తిలో చేనేత మేళా పెట్టారు. భవ్యశ్రీ వాళ్ల స్టాలు చివరిది, టార్పాలిన్ కింద. దానియేలు సెలవు పెట్టుకుని ఉతికిన చొక్కాతో వచ్చాడు. అమ్మకు జాకెట్ గుడ్డ కావాలన్నాడు. ఏ రంగని అడిగితే నీళ్లు నమిలాడు.

వాన అందుకుంది. కొనేవాళ్లు పరుగెత్తి ఎదురుగా ఉన్న హోటల్లో దూరారు. దానియేలు తన ఫోన్ ఆమె బల్ల మీద చార్జింగుకు పెట్టి, వేడి మిర్చీ బజ్జీలు తెస్తానని ఆ వానలోనే పోయాడు. ఎంతకీ రాలేదు. ఎక్కడ నిలబడిపోయాడో అడుగుదామని భవ్యశ్రీ అలవాటు కొద్దీ అతనికి ఫోన్ చేసింది.

బల్ల మీది ఫోన్ మోగింది. తెర మీద ఎవరు పిలుస్తున్నారో కనపడింది. భవ్యశ్రీ అని లేదు. 'ఎఫ్-7' అని ఉంది.

దానియేలు మిర్చీల పొట్లం చొక్కాలో దాచుకుని తడుస్తూ వచ్చేసరికి అమ్మాయి చీరలన్నీ గబగబా మూటగడుతోంది.

"ఏమైంది?"

"ఏం గాలే. మీ అడివిల ఏడో పులిని కద, నన్ను ఆడ్నే ఇడిచిపెట్టున్రి. జనాలల్ల ఎందుకు తిప్పుతున్రు?"

దానియేలు ఫోన్ వైపు చూశాడు. మిర్చీల కంటే ఎర్రగా అయ్యాడు.

"గది గట్ల గాదు."

"ఎట్ల మరి? రిపోర్టు రాసి పండుకోవచ్చు, గంతేనా?"

"భవ్యా, జర ఇను," అన్నాడు. ఆమె పేరు అతని నోట రావడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ 'ఏమండి'తోనే నెట్టుకొచ్చాడు. "పేరు టైపు చేసిన. రెండుసార్లు చేసి తీసేసిన. పేరు పెడితే మనదనిపిస్తది. మీరు మాకెక్కడ అయితరు? మీ ఇల్లేంది, మా ఇల్లేంది. రేపు మీరు ఎవరినో చేసుకొని పోతే నాకు అన్నం దిగది. అందుకని నంబరు పెట్టుకున్న. పెట్టుకున్నా దిగుతలేదు, గది వేరే సంగతి."

టార్పాలిన్ మీద వాన దడదడ కొడుతోంది. భవ్యశ్రీ మూట ముడి వేయబోయి ఆగిపోయింది. కోపం ఎటు పోయిందో వెతుక్కున్నా దొరకలేదు. ఈ మనిషంటే తనకు ఇష్టం. చాలా ఇష్టం. మిర్చీలు తడవకుండా తను తడిసి వచ్చినందుకు ఇంకొంచెం ఎక్కువ.

"మీరు నన్ను ఏమని పెట్టుకున్నరు?" అని అడిగాడు దానియేలు మెల్లగా.

ఆమె ఫోన్ తిప్పి చూపించింది. 'సూసన్నా కంప్లైంట్' అని ఉంది.

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వు అయిపోయాక ఇద్దరికీ సిగ్గు వేసింది.

"ఇప్పుడు పెట్టు పేరు," అంది ఆమె. 'మీరు' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరూ గమనించలేదు. "అన్నం సంగతి నేను చూసుకుంట."

*

ఇంట్లో చెప్పడానికి భవ్యశ్రీ చాలానే సిద్ధపడింది. మతం గురించి మాట వస్తే ఏం చెప్పాలో, కులం గురించి వస్తే ఏం చెప్పాలో, అడవిలో కాపురమంటే ఏం చెప్పాలో అన్నీ వల్లెవేసుకుంది. తండ్రి వెంకట్రాములు మగ్గం మీదనుంచి దిగకుండానే అంతా విన్నాడు.

"నేను అవుననను, కాదనను. మీ అవ్వ ఎట్లంటే గట్ల," అన్నాడు. ఆయన జీవితంలో తీసుకున్న నిర్ణయాలన్నీ ఇట్లాంటివే. ఆయనలోని మంచీ, చెడ్డా కూడా అదే.

"అవ్వా, వాళ్లు ప్రార్థనకు పోతరు," అంది భవ్యశ్రీ భయంభయంగా.

"పోనీ," అంది ఎంకమ్మ. "మీ తాత పానం నిలబెట్టింది వాళ్ల దాక్టరే. పిల్లగాడు మంచోడు. చాయ్ తాగి గిలాస కడిగిపెట్టిండు, నేను చూసిన."

"మరి ఇష్టమేనా?"

"ఇష్టమే గాని, కుదరదు."

"ఎందుకవ్వా?"

"పేరు."

భవ్యశ్రీ వల్లెవేసుకున్న వాటిలో దీనికి జవాబు లేదు.

"నేనెట్ల పిలవాలె వాణ్ని? ఆ పేరు నా నోట రాదు," అంది ఎంకమ్మ. "సరే, నా సంగతి ఇడువు. రేపు నీకు కోపమొస్తది. మొగణ్ని తిడుతవు. తిట్టేది ఎవల్ని? మీ తాతను. నా ఇంట్ల కూసోని, నా ముందట, నా మనవరాలు మా ఆయన్ను పేరు పెట్టి తిడుతుంటే నేను కండెలు చుట్టుకుంట ఇనాల్నా?"

"నేను తిట్టనవ్వా."

"తిట్టకుంట కాపురమెట్ల చేస్తవే పిచ్చిదానా? నేను తిట్టలేదా?"

"తాతనా?"

"ఓ మనిషీ అని తిట్టిన. పేరు ముట్టుకోలే." ఎంకమ్మ కండె తీసి గంపలో వేసింది. "పేరు మార్చుకోమను. రేపే లగ్గం పెట్టుకుందాం."

వెంకట్రాములు మగ్గం ఆపి తలూపాడు. అమ్మ మాటలో న్యాయం ఉందనిపించింది ఆయనకు. భవ్యశ్రీకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఊళ్లో పెళ్లిళ్లు కట్నం దగ్గర ఆగాయి, జాతకం దగ్గర ఆగాయి. తనది మాత్రం తాత పేరు దగ్గర ఆగింది.

వాచ్‌టవర్ మీద ఈ వార్త విన్న దానియేలుకు ఒక ఉపాయం తట్టింది.

"డానీ అని పిలవమను," అన్నాడు.

భవ్యశ్రీ ఫోన్ పక్కకు పెట్టి అడిగి వచ్చింది. "సగం పేరు పలికితే సగం పాపం అంటుంది."

"సరే, మొత్తం మార్చుకుంట. నాకేం పట్టింపు లేదు. నువ్వే పెట్టు, చీరకు పెట్టినట్టు. అర్థం చూసి పెట్టు గాని."

ప్రేమలో ఉన్నవాడికి పేరు ఒక లెక్కా? కానీ ఆ పేరు అతనొక్కడిదే కాదన్న సంగతి వచ్చే ఆదివారం పాన్‌గల్‌లో తెలిసింది. తల్లి ప్రేమలత వడ్డిస్తున్న గరిట ఆపి, కొడుకు చెప్పిందంతా విని, ఒక్క మాటే అంది.

"బస్సు ఎన్నింటికి?"

*

ప్రేమలత లిల్లీల చీర కట్టుకుని గద్వాలలో దిగింది. కొడుకు వెనక వెనక నడిచాడు. దుకాణంలో చాప వేశారు, నీళ్లిచ్చారు. ఎంకమ్మ చరఖా పక్కకు జరిపి ఎదురుగా కూర్చుంది. భవ్యశ్రీ తలుపు వారన నిలబడి, తన బతుకు ఈ ఇద్దరు ఆడవాళ్ల మధ్య చాప మీద ఉందని తెలిసి, గోళ్లు కొరుక్కుంది.

"నీ పిల్ల నాకు నచ్చింది పెద్దమ్మా," అంది ప్రేమలత. "మీరు ఏ పద్ధతిల లగ్గం చెయ్యమన్నా చేస్తం. పేరు మాత్రం మార్చం."

"నేను చెడ్డ పేరని అనలే బిడ్డా. నా ఇబ్బంది నాది."

"నా మాట గూడ ఇను. మేము పెండ్లయిన కొత్తల పని కోసం పోయినం, పుణె అవతల రోడ్డు పనికి. మేస్త్రీలకు మా పేర్లు నోరు తిరగవు. మా గుంపుల ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. పొద్దున నంబరు పిలిస్తే చెయ్యెత్తాలె. వీడు కడుపుల పడ్డప్పుడు నేను నంబరే. గుడారంల కన్న. పక్కన మిషన్ల చప్పుడు, కుక్కలు, పాములు. పొద్దున చూస్తే పిల్లగాని ఒంటి మీద ఒక్క గీత లేదు. చిన్నప్పటి సంది ఇన్న కథ యాదికొచ్చింది. ఆ పేరు పెట్టిన." ప్రేమలత నీళ్ల గ్లాసు అందుకుంది, తాగలేదు. "నా జీవితంల నేను ఎవరినీ అడగకుంట చేసిన పని గదొక్కటే. నన్ను దాన్ని మార్చమనకు."

దానియేలు ఈ కథ ఇంత వివరంగా ఎప్పుడూ వినలేదు. ఆ పేరు మార్చుకుంటానని వాచ్‌టవర్ మీద తేలిగ్గా అన్నందుకు సిగ్గుపడి, చాప అంచు పీకుతూ కూర్చున్నాడు.

ఎంకమ్మ నీళ్ల చెంబు ప్రేమలత వైపు జరిపింది. వెనక గదిలో వెంకట్రాములు మగ్గం ఆపాడు.

"మా అత్త గూడ గిట్లనే చెప్పేది," అంది ఎంకమ్మ. "ముగ్గుర్ని మట్టిల పెట్టి నాలుగోవాణ్ని ఎత్తుకొని వస్తే, కులపోళ్లంతా గా పేరేందని కొట్లాడిన్రంట. వెంకటేశమో నర్సింలో పెట్టమన్నరు. ఆమె ఇనలే. మీ ఇండ్లల్ల పుట్టినోళ్లకు పెట్టుకోన్రి, వీడు గుంతలకెళ్లి వచ్చినోడు అన్నదంట." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆమె మార్చలేదు, నువ్వెందుకు మారుస్తవు? మార్చకు."

భవ్యశ్రీ గోళ్లు కొరకడం ఆపింది. "అయితే సరేనా అవ్వా?"

"సరే గాని, తిట్టు సంగతేంది?"

అందరూ మళ్లీ ఆలోచనలో పడ్డారు. ఇదేదో నవ్వులాట కాదు ఎంకమ్మకు. అది తేలందే ఆమె చాప మీదనుంచి లేవదు.

భవ్యశ్రీ గొంతు సవరించుకుంది. "నంబరు పెట్టుకుంటనవ్వా. ఎం-నైన్. తిట్టాల్నంటే ఆ నంబరు పెట్టి తిడుత. తాతకు తగలది."

ఎంకమ్మ ప్రేమలత వైపు చూసింది. "ఏమంటవు బిడ్డా?"

ప్రేమలత మొదటిసారి నవ్వింది. "నాకు తెల్సినంతల నంబరు తిట్టుకే పనికొస్తది పెద్దమ్మా. పెట్టుకోనీ."

ఒక్క దానియేలునే ఎవరూ ఏమీ అడగలేదు.

*

మరుసటి శ్రావణంలో పెళ్లి. పొద్దున పాన్‌గల్‌లో ప్రార్థన, మధ్యాహ్నం గద్వాలలో తలంబ్రాలు. రెండుచోట్లా దానియేలు చెప్పిన చోట కూర్చున్నాడు, లేవమన్నప్పుడు లేచాడు. పులుల్ని కాపలా కాసినవాడికి పెళ్లి పెద్దలంటే అంత భయం.

అసలు చిక్కు సాయంత్రం దుకాణం గడప దగ్గర వచ్చింది. కొత్త జంట లోపలికి రావాలంటే ఒకరి పేరు ఒకరు చెప్పాలి. వీధిలో ఆడవాళ్లంతా గుమ్మానికి అడ్డంగా చేతులు పట్టుకుని నిలబడ్డారు. ఏళ్లుగా నడుస్తున్న సరదా, ఎవరూ వదులుకోరు.

"పిల్లగాడు మొదలు చెప్పాలె."

"భవ్యశ్రీ," అన్నాడు దానియేలు గట్టిగా. "భవ్య అంటే శుభం, శ్రీ అంటే సంపద. రెండూ సంస్కృతమే." పాస్టరుగారు ఉంటే మెచ్చుకునేవాడు. ఆడవాళ్లు ఈలలు వేశారు.

"ఇగ పిల్ల చెప్పాలె."

భవ్యశ్రీ నోరు తెరిచింది. ఫోన్లో రోజూ వందసార్లు పలికే పేరే. కానీ అడ్డం నిలబడ్డ చేతుల సందుల్లోంచి లోపల అవ్వ కనపడింది. చరఖా పక్కన కూర్చుని, వినబోయే పేరు కోసం అప్పుడే కొంగు మీద చెయ్యి వేసి, సిద్ధంగా ఉంది. ఆ చెయ్యిని చూడగానే భవ్యశ్రీ గొంతులో పేరు ఆగిపోయింది.

"నంబరు చెప్త," అంది.

"నంబర్లు గిక్కడ చెల్లవు. పేరు చెప్పు."

"చెప్పరాదు."

"చెప్పకుంటే బయటనే ఉండున్రి."

సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. ముందు చినుకులు, ఆ వెంటనే కుండపోత. ఆడవాళ్లు చూరు కింద ఉన్నారు గనక వాళ్లకేం బాధ లేదు. పెళ్లికూతురి పూలజడ కారిపోతోంది. పెళ్లికొడుకు నుదుటి బొట్టు ముక్కు మీదికి దిగింది. వెనక ప్రేమలత చీర మీద లిల్లీలన్నీ తడిసి ముద్దయ్యాయి. వెంకట్రాములు ఒక గొడుగు పట్టుకుని, అది ఎవరి మీద పట్టాలో నిర్ణయించుకోలేక అందరి మధ్యా నిలబడ్డాడు.

"చెప్పు భవ్యా," అన్నాడు దానియేలు పళ్లు టకటకలాడిస్తూ.

"అవ్వ ముందట నా వల్ల గాదు. జర ఓర్సుకో."

లోపల ఎంకమ్మ లేచింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని మెల్లగా గుమ్మం దాకా వచ్చింది. అడ్డం ఉన్నవాళ్లు కొంచెం పక్కకు జరిగారు. తాను చదవలేని ఆ బోర్డు కింద నిలబడి, వానలో వణుకుతున్న పిల్లవాడిని చూసింది.

"దానియేలూ," అంది. "లోపలికి రా నాయినా. తడుస్తున్నవు."

వెంకట్రాములు చేతిలో గొడుగు పక్కకు వాలిపోయింది. పుట్టి ఇన్నేళ్లయినా ఆ పేరు అమ్మ నోట ఆయన ఒక్కసారీ వినలేదు. అడ్డంగా పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే విడిపోయాయి.

ఎంకమ్మ కొంగు కప్పుకోవడం మరచిపోయింది. తన నోటినుంచి వచ్చిన ఆ మాట ఎట్లా ఉందో చూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది.

"గింత చిన్న పేరా," అంది తనలో తాను. "ఏందో అనుకున్న."

ఆ సాయంత్రమంతా ఆ ఇంట్లో ఇంకో మాట వినపడలేదు. దానియేలూ, తల తుడుచుకో. దానియేలూ, పాయసం తిన్నవా. దానియేలూ, ఆ ఫ్యాను జర ఇటు తిప్పు. పనేమీ లేకపోయినా దానియేలూ అని పిలిచి, అతను "ఏందవ్వా" అంటే "ఏం లేదు పో" అంది. ఒకసారి పిలిచినప్పుడు ఆమె చూపు కొత్త అల్లుడి మీద లేదు, గోడ మీద దండ వేసిన తాత ఫొటో మీద ఉంది. అది భవ్యశ్రీ ఒక్కతే చూసింది.

తర్వాత వచ్చి అవ్వ పక్కన కూర్చుని చెవిలో అడిగింది.

"అవ్వా, ఇగ నేను గూడ పేరు పెట్టి తిట్టొచ్చా?"

ఎంకమ్మ మనవరాలి తడి జడ చేతిలోకి తీసుకుని పిండుతూ తల అడ్డంగా ఊపింది.

"నీకు నంబరుంది కదనే," అంది. "పేరు నాకుండనీ."